మా తాతగారి లాంచీ, వాళ్ల సినిమా

మా తాతగారు మొసలిని పెంచలేదు. కొన్ని నెలలుగా ఈ మాట నేను చెప్పని చోటు లేదు. చేపల బజారులో చెప్పాను. గరాచర్మ నుంచి ఊళ్లోకి వెళ్లే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి చెప్పాను. ఒక చెంప నురగతో, ఒక చెంప నున్నగా ఉండగా మంగలి కుర్చీలోంచి చెప్పాను. విన్నవాళ్లందరూ మర్యాదగా తల ఊపారు. ఊపి, "మరి ఆ మొసలి గొయ్యి మీ మిన్నీ బే ఇంట్లో ఏ పక్కన ఉండేదండీ?" అని అడిగారు.

సంగతి ఇది. మా తాతగారు విశాఖ తీరం నుంచి వచ్చి ఈ అండమాన్ దీవుల్లో కలప కాంట్రాక్టు చేశారు. ఆయనకు మూడు లాంచీలుండేవి. అందులో ఒకటి కూలీలను ఎక్కించుకుని డిగ్లీపూర్ వైపు వెళుతూ మునిగిపోయింది. మనుషులు పోయారు. తరువాత మా వ్యాపారం పోయింది. ఇంకొన్నేళ్లకు మిన్నీ బేలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లూ పోయింది. మా దగ్గర పనిచేసిన గుమాస్తా ఒకాయన ఉద్యోగం మానేసి మెయిన్‌లాండ్ వెళ్లిపోయి, ఆ ప్రమాదం మీద ఒక నవల రాశాడు. పేర్లు మార్చాడు గానీ అందులోని కాంట్రాక్టరు ఎవరో ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. నవల అచ్చయింది, కొంతకాలానికి అందరూ మరిచిపోయారు. ఇన్నేళ్లకు ఎవరో దర్శకుడు దాన్ని తవ్వి తీసి సినిమా చేశాడు.

ఆ సినిమాలో కాంట్రాక్టరు ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు తియ్యడు. మేడ మీద నిలబడి పరాయి దేశపు జలాంతర్గామికి లాంతరుతో సైగలు చేస్తాడు. ఎదురు తిరిగినవాళ్లను పెరట్లో గొయ్యిలోని మొసలికి వేస్తాడు. లాంచీలో రహస్య పత్రాలతో ఒక ఆఫీసరు వెళుతున్నాడని తెలిసి, సరంగును కొనేసి, అతని చేతే దాన్ని పేల్పించేస్తాడు. సరంగంటే లాంచీ నడిపే మనిషి. ఇదంతా జరిగేది అండమాన్ తూర్పు తీరంలోనని అక్షరాలు వేసి మరీ చూపించారు. ఆ తూర్పు తీరంలో సాయంత్రం సూర్యుడు తాపీగా సముద్రంలోకి దిగుతాడు.

మొదటి రోజే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి చూశాను. మధ్యలో లేచి వస్తే పారిపోయానని చెప్పుకుంటారు కాబట్టి చివరిదాకా కూర్చున్నాను. బయటికి రాగానే అభిప్రాయాలు మొదలయ్యాయి.

నాకు ఇరవై ఏళ్లుగా చేపలు ఇచ్చే ఆవిడ మర్నాడే పట్టుకుంది. "బాబుగారూ, పిక్చర్ సూసినాను. మీ తాతగారిని ఏం సూపించారండీ! ఈరో కూడా ఆయన ముందు పనికిరాడు."

"ఆయన మా తాతగారు కాదమ్మా."

"అదేటి, అందరూ మీ తాతగారే అంటన్నారు. ఎందుకండీ సిగ్గు? మజా వచ్చింది. మా ఆయనైతే మొసలి కోసం మళ్లీ ఎల్లాడు."

ఈ మెచ్చుకోలును ఏం చేసుకోవాలో తెలియక సంచీ తీసుకుని వచ్చేశాను.

మంగలి భయ్యాకు తెలుగు రాదు. ఆయన చూసింది హిందీలో. సెకండాఫ్ కొంచెం లాగారని, కాంట్రాక్టరు చచ్చేటప్పుడు ఇంకాస్త బాధపడి ఉంటే బాగుండేదని ఆయన అభిప్రాయం. ఆ మాట అంటూ నా గొంతు మీద కత్తి ఆనించాడు. మా పక్కవాటాలో ఉండే టీచరుగారు ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఆవిడ సినిమాకు అయిదులో మూడున్నర ఇచ్చింది. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశారని అడిగితే, పాటలు బాగాలేవంది.

అందరికంటే నా ప్రాణం తీసింది మా ఇంటి యజమాని. నేను అద్దెకుండే వాటాకు ముందు కొత్త ఇల్లు కట్టుకుని, సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుంటాడు. ఆయన దృష్టిలో ఆ సినిమా మొత్తం నిజం.

"ఇలాంటివి పేపర్లలో రానివ్వరండీ. సినిమాగా తీస్తేనే మనకు తెలుస్తాయి."

"జలాంతర్గామి ఏమిటండీ? మా తాతగారికి ఈత కూడా రాదు."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీరు అలాగే చెప్పాలి. నాకు అర్థమవుతుంది."

"నేను చెప్పాల్సిందేం లేదు. అలాంటిది జరగలేదు."

"అదే అంటున్నాను. అంత గట్టిగా కాదంటున్నారంటే మీ మీద ఎంత ఒత్తిడి ఉందో!"

కాదంటే రుజువు. ఊరుకుంటే ఇంకా పెద్ద రుజువు. నెల తిరిగేసరికి ఆయన నాతో మాట్లాడేటప్పుడు ఫోను లోపల పెట్టి వచ్చేవాడు.

వీళ్లందరికీ నా దగ్గర మిగిలింది ఒకే జవాబు. "నవలలో అలా లేదు." ఆ మాట అనగానే ఎదుటివాడు తగ్గేవాడు, ఎందుకంటే ఇప్పుడున్నవాళ్లలో ఆ నవల ఎవరూ చదవలేదు. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే. "మీరు చదివారా?" అని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో ఉంది" అనేవాణ్ని. అది నిజమే. పుస్తకం మా ఇంట్లో ఉంది. నేను చదివింది మాత్రం సగమే. నా పదిహేనో ఏట మా నాన్నగారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "ఇక్కడికి చాలు. కాంట్రాక్టరు తప్పేమీ లేదని చివర తేలుతుంది" అన్నారు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట చెప్పాక వెనక్కి వెళ్లి సరిచూసుకోవడం అమర్యాద.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇది. సరంగు తాగి లాంచీ నడిపాడు. మా తాతగారు ఆ తప్పు తన నెత్తిన వేసుకుని, చనిపోయినవాళ్ల కుటుంబాలను ఆదుకుని, అందులోనే చితికిపోయారు. మేం పరువు కోసం చెడినవాళ్లం. మా లాంచీలు తిరిగిన దారిలోనే ఇప్పుడు ప్రభుత్వ బోట్లు తిరుగుతాయి. వాటికి టికెట్లిచ్చే కౌంటర్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. క్యూలో తోసుకునే జనం ముందు ఒక్కరోజు కూడా కుర్చీలో వాలకుండా కూర్చున్నానంటే ఆ కథ బలంతోనే.

సినిమా సందడి తగ్గకపోవడంతో మా తెలుగు సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. ఆదివారం సాయంత్రం హాల్లో అందరి చేతా సినిమా మీద అభిప్రాయాలు చెప్పిస్తారట. "నవల తెలిసింది మీరొక్కరేనండీ. చివరి భాగం చదివి వినిపించండి. కుర్రకారుకు చదవడం రాకపోయినా వింటారు."

పైకి చదివి వినిపించడం మా హాలుకు పాత అలవాటు. ఓడ వచ్చిన రోజున ఉత్తరాలూ, వారం నాటి పేపర్లూ చదువు వచ్చినవాళ్లు చదివేవారు, రానివాళ్లు చుట్టూ చేరి వినేవారు. దానికొక కట్టుబాటు ఉండేది. చదివేవాడు మంచైనా చెడైనా ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఎవరి ఉత్తరంలోనైనా చావు కబురు ఉంటే దాన్నీ అదే గొంతుతో చదవాలి. దాటవేశాడని తెలిస్తే మళ్లీ అతని చేతికి ఎవరూ ఉత్తరం ఇచ్చేవారు కాదు. ఆ హాల్లో మొదటి రోజుల్లో చదివింది మా తాతగారే. అందుకని సంతోషంగా ఒప్పుకున్నాను. ఇక మొసలి పీడ విరగడవుతుందనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం పెట్టెలోంచి పుస్తకం తీసి, నేను ఆగిపోయిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టాను. సాయంత్రానికి ఆ పేజీల దగ్గరికి వచ్చాను.

లాంచీ బయలుదేరే ముందు సరంగు కాంట్రాక్టరు దగ్గరికి వచ్చి, అడుగు పలక మెత్తబడిపోయింది, వేలు పెడితే దిగిపోతోంది, ఒడ్డుకు లాగి పలక మార్చేదాకా తీసుకెళ్లనంటాడు. కాంట్రాక్టరు ఈ ఒక్క ట్రిప్పు వెళ్లి రమ్మంటాడు. సరంగు వద్దంటాడు. కాంట్రాక్టరు మళ్లీ అడుగుతాడు, సరంగు మళ్లీ వద్దంటాడు. మూడోసారి కూడా వద్దన్నాక, నువ్వు కాకపోతే ఇంకొకడు, ఇక ఈ దీవుల్లో నీకు బోటు దొరకదంటాడు కాంట్రాక్టరు. సరంగు వెళతాడు. లాంచీ మునుగుతుంది, సరంగు బతుకుతాడు. తరువాత ఒక గదిలో కాంట్రాక్టరుతో కలిపి ముగ్గురు కూర్చుని, లాంచీని ముందే తనిఖీ చేశామని, అంతా బాగుందని, సరంగు తాగి ఉన్నాడని పాత తేదీతో ఒక కాగితం తయారు చేస్తారు. రాసింది గుమాస్తా. కుట్ర అంతే. ఒక బల్ల, ముగ్గురు మనుషులు, ఒక కాగితం.

ఉద్యోగం వదిలేసినవాడి కసి అనుకుందామని చూశాను. నవల కదా, ఏమైనా రాస్తారనుకుందామని చూశాను. కానీ ఆ పేజీల చివర ఒక వాక్యం ఉంది. ఆనాటి నుంచి కాంట్రాక్టరు తన పడకకుర్చీని సముద్రానికి వీపు పెట్టి వేయించుకున్నాడని.

ఆ కుర్చీ నాకు తెలుసు. మిన్నీ బే ఇంటి వరండాలో అందరి కుర్చీలూ సముద్రం వైపు ఉండేవి. తాతగారిది ఒక్కటే గోడ వైపు ఉండేది. ఆయన ఒళ్లో కూర్చుని నేను చూసింది ఆ గోడ మీది పెచ్చులనే. నీళ్ల మెరుపు ఆయన కళ్లకు పడదని ఇంట్లో చెప్పేవారు.

పుస్తకం మూశాను. తరువాత ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ పేజీలున్న రెండు కాగితాలూ కలిపి తిప్పేసి, తరువాతి పేజీ నుంచి చదువుకుపోతాను. సినిమాలో చూపించినవేవీ నవలలో లేవని తేలితే చాలు. అంతకుమించి ఎవరూ అడగలేదు కదా.

ఆదివారం హాల్లో కుర్చీలు నిండిపోయి కొందరు గుమ్మంలో నిలబడ్డారు. కార్యదర్శి మైకు ఇస్తూ వెళ్లాడు. హీరో చొక్కాల గురించి ఒకరు, ఫైట్ల గురించి ఒకరు మాట్లాడారు. కాలేజీ కుర్రవాడొకడు "సబ్‌మెరిన్ గ్రాఫిక్స్ ఏక్‌దమ్ హాలీవుడ్ లెవెల్" అన్నాడు. మా ఇంటి యజమాని మైకు పుచ్చుకుని, ఈ సభలో కూడా ఎవరో ఒకరు మనల్ని గమనిస్తూ ఉంటారని చెప్పి, నా వైపు జాలిగా చూసి కూర్చున్నాడు.

మైకు ముందు వరుసలో ఉన్న ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చింది. ఆవిడ ఆ సరంగు కూతురు. బడిలో ఆయాగా చేసి రిటైరైంది. పుట్టినప్పటి నుంచీ ఒకే ఊళ్లో ఉన్నా ఆవిడతో నేను అవసరానికి మించి మాట్లాడింది లేదు. మా ఇంట్లో ఆ కుటుంబాన్ని తాగుబోతు సరంగు వాళ్లు అనేవారు. ఇప్పుడు సినిమా పుణ్యమా అని ఆవిడ మనవరాలిని కాలేజీలో "జాసూస్ ఖాన్‌దాన్", అంటే గూఢచారుల వంశం, అని పిలుస్తున్నారని విన్నాను.

"పెద్దమ్మా, పిక్చర్ మీకెలా ఉంది?" అని అడిగాడు కార్యదర్శి.

"పిక్చర్ సంగతి నాకు తెలీదు బాబూ. మా అయ్య ఏ తప్పూ సెయ్యలేదని గుమస్తాబాబు ఆ కితాబులో రాసినాడంట. సచ్చిపోయే ముందు మా అయ్యే సెప్పినాడు. నాకు సదువు రాదు. ఈ బాబు సదువుతారంటే ఇందామని వచ్చినాను."

అప్పుడే లేచి వచ్చేసి ఉండవలసింది. తల దించుకుని వెళ్లడం ఇష్టం లేక పుస్తకం తెరిచాను.

చదివాను. లాంచీకి కలపను తాళ్లతో కట్టడం, కూలీలు తెల్లవారుజాము నుంచి జెట్టీ మీద నిలబడి ఉండటం. జనం బాగానే విన్నారు. ఆ చోటు రాగానే వేలు తడి చేసుకుని రెండు కాగితాలూ కలిపి తిప్పి, తరువాతి పేజీ అందుకున్నాను. నాలుగు వాక్యాలు కూడా అయ్యాయో లేదో.

"బాబూ, రెండు కాయితాలు ఒక్కసారే తిప్పీసినారు."

గట్టిగా కూడా అనలేదు. ఉత్తరాలు చదివించుకుని బతికినవాళ్లు చదివేవాడి మొహం చూడరు, చేతులు చూస్తారు. ఆ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది.

"పాత పుస్తకం కదా, అంటుకుపోయాయి" అన్నాను.

"అయితే ఇడదీయండి. మాకేటీ తొందర లేదు."

వెనక నుంచి ఎవరో "అంకుల్, స్కిప్ మత్ కరో!" అని అరిచారు. నవ్వారు. నాకు మొహం మండిపోయింది. పుస్తకం మూసేస్తే అడిగేవాళ్లు లేరు. నా చేతిలోంచి తీసుకుని చదవగలిగినవాళ్లు ఆ హాల్లో ఒకరిద్దరే ఉన్నారు, వాళ్లు మర్యాదకు అడగరు. అడిగిన మనిషికి చదవడం రాదు. అంటే ఆ కాగితాలు విడదీయడమా మానడమా అన్నది పూర్తిగా నా చేతిలో ఉంది. అదే నాకు భరించరానిదిగా అనిపించింది. వెనక్కి తిప్పి చదివాను.

మెత్తబడిన పలక చదివాను. మూడుసార్లు వద్దనడం చదివాను. బల్ల చుట్టూ ముగ్గురినీ, పాత తేదీనీ, తాగి ఉన్నాడన్న మాట ఎవరి నోట మొదట వచ్చిందో అదీ చదివాను. కుర్చీ వాక్యం దగ్గర ఆగాను. మంచినీళ్లు తాగి అదీ చదివాను.

తరువాత మళ్లీ అభిప్రాయాలు.

"ఇత్నా హీ? ఇంతేనా? సబ్‌మెరిన్ లేదా?" అన్నాడు కాలేజీ కుర్రవాడు.

"ఇది ఇలాగే తీసి ఉంటే ఎవరు చూస్తారండీ? పది నిమిషాల సినిమా" అంది మూడున్నర ఇచ్చిన టీచరుగారు.

"పాత తేదీ వేశారని విన్నారా? నేను చెప్పలేదూ!" అని మా ఇంటి యజమాని పక్కవాడి భుజం మీద చరిచాడు. "పైనుంచి పెద్ద హస్తం లేకుండా అది జరుగుతుందా?"

చేపలావిడ గుమ్మం దగ్గర నుంచి, "అయితే మొసలి లేదా బాబుగారూ?" అంది.

"లేదు."

"అయ్యో!" అంది. ఆ సాయంత్రం నాకు దొరికిన సానుభూతి అదొక్కటే, అదీ మొసలికి.

కార్యదర్శి మంచివాడు. నా పరిస్థితి చూసి మైకు అందుకుని, "ఎంతైనా నవల కదండీ. రచయితలు కల్పించి రాస్తారు. దీన్ని బట్టి ఎవరినీ ఏమీ అనుకోనక్కర్లేదు" అన్నాడు. నాకు తలుపు తీసి పట్టుకున్నాడన్నమాట. తల ఊపితే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు.

"కల్పన కాదు" అన్నాను. "ఆ కుర్చీ మా వరండాలో ఉండేది. అది ఎటు తిరిగి ఉండేదో నేను చూశాను."

ఎంతమందికి అర్థమైందో తెలియదు. అప్పటికే సగం మంది టీ దగ్గరికి వెళ్లిపోయారు. గరాచర్మ బస్సు టైమైందని ఇంకొందరు చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. దీవుల మీద ఇన్ని నెలలు దుమారం రేపిన కుట్ర బయటపడుతుంటే వీళ్లకు సమోసాలు చల్లారిపోతాయన్న బెంగ.

పెద్దావిడ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. నేను ఏదైనా చెప్పాలని దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో తయారు చేసుకోలేదు. ఆవిడ నాకు ఆ ఇబ్బంది రానివ్వలేదు.

"మూడుసార్లు వద్దన్నాడా? మాతో రెండుసార్లని సెప్పీవోడు."

"నవలలో మూడు అని ఉంది."

"అయితే మూడే రాయండి."

"రాయడమేమిటి?"

"ఇప్పుడు సదివింది ఇందీలో రాసీయండి బాబూ. మా మనవరాలికి తెలుగక్షరాలు రావు. మా అయ్య తాగలేదని, వద్దన్నాడని, మీ తాతగారే పంపినారని. మీ సేత్తోనే రాయండి. నేను నోటితో సెప్తే ఎవరింటారు?"

ఒక నవలలో ఉన్నదాన్ని నా దస్తూరితో రాసిచ్చే అధికారం నాకు ఎక్కడిదని అడగబోయాను. కార్యదర్శి అప్పటికే తెల్లకాగితం, పెన్ను తెచ్చిపెట్టాడు. టీ గ్లాసు కూడా పెట్టాడు, కాగితం మీదే. దాన్ని పక్కకు జరిపి, తడి తుడిచి, నిటారుగా కూర్చుని రాశాను. బళ్లో నేర్చుకున్న హిందీ, తప్పులు లేకుండా రాయగలను. పలక గురించి రాశాను. మూడుసార్లు అని రాశాను. మా తాతగారు పంపారని రాసేటప్పుడు 'పంపవలసి వచ్చింది' అని వేద్దామా అన్న ఆలోచన వచ్చింది. వెయ్యలేదు. సరంగు తాగలేదని రాశాను. ఆవిడ పైకి చదివించుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి నా చేతులు చూస్తూ వింది.

"కింద మీ పేరెట్టండి. ఇంటిపేరు కూడా."

పెట్టాను. మనవరాలు ఒడ్డూ పొడుగుగా, ఫోనులోంచి తలెత్తకుండా వెనక వరుస నుంచి వచ్చి, కాగితం అందుకుని గబగబా చదివింది. చదివి నా వైపు చూసింది. అమ్మమ్మ చెవిలో ఏదో చెప్పింది.

పెద్దావిడ కాగితం మళ్లీ నా ముందు పెట్టింది. "దీన్ని మా ఇంటి ముందు గదిలో గోడకి అంటిత్తాదంట బాబూ. ఈ అక్షరాలు దూరానికి కనబడవంటంది. పెద్దక్షరాలతో ఇంకోటి రాసీయండి."

నాకు ఒళ్లు మండింది. గుమ్మం బయట బస్సు హారను వినిపించింది, అది నా బస్సే. ఎంత పెద్ద అక్షరాలో చూపించమని మనవరాలిని అడిగాను. ఆ పిల్ల రెండు వేళ్లు చాపి చూపించింది. అంత అక్షరాలకు ఈ కాగితం చాలదని చెప్పి, కార్యదర్శిని చార్టు తెమ్మన్నాను.